బెంచ్ మీద మొదటి సీజన్

కేట్ మార్టిన్ ఆ రోజు అక్కడికి వెళ్లింది స్నేహితురాలి కోసం. 2024 ఏప్రిల్ 15, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్. కాలేజీ ఆట ముగించుకున్న అమ్మాయిలను అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ జట్లు ఒక్కొక్కరిగా ఎంచుకునే డ్రాఫ్ట్ అది. పేరు వస్తుందని గట్టి నమ్మకం ఉన్న కొద్దిమందికే ఆహ్వానాలు వెళ్తాయి. మార్టిన్‌కు రాలేదు. అయోవా యూనివర్సిటీ జట్టులో తనతో కలిసి ఆడిన కెయిట్లిన్ క్లార్క్ పేరు పిలుస్తుంటే చప్పట్లు కొట్టడానికి వచ్చి ప్రేక్షకుల్లో కూర్చుంది. అనుకున్నట్టే మొట్టమొదట క్లార్క్‌ను ఇండియానా ఫీవర్ తీసుకుంది. రెండో రౌండ్‌లో 18వ పేరు చదివారు. అది మార్టిన్‌ది. తీసుకున్నది లాస్ వెగాస్ ఏసెస్, 2022లోనూ 2023లోనూ టైటిల్ గెలిచిన జట్టు.

ఒకే కాలేజీ, ఒకే జట్టు, ఒకే ఏడాది. అక్కడి నుంచి ఆ ఇద్దరి దారులు పూర్తిగా వేరయ్యాయి. ఆ సీజన్ అంతా నేను ఇద్దరినీ చూశాను. ఇండియానాలో సాయంత్రం ఏడుకు జరిగే మ్యాచ్ మనకు తెల్లవారుజామున నాలుగున్నరకు వచ్చేది, వెగాస్‌లో జరిగేది ఏడున్నరకు. నేను హన్మకొండలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. ఒకప్పుడు కాకతీయ యూనివర్సిటీ జట్టుకు ఆడాను, ఇప్పుడు అమ్మాయిలకు నేర్పిస్తున్నాను. నాలుగున్నర మ్యాచ్ ఇంట్లో చూసి గ్రౌండ్‌కు పోయేదాన్ని. ఏడున్నర మ్యాచ్ ఉన్న రోజు ప్రాక్టీస్ అయ్యాక గ్రౌండ్ పక్క మెట్ల మీద ఫోన్ పెట్టుకుని పిల్లలందరం గుమిగూడి చూసేవాళ్లం. వాళ్లకు ఎప్పుడూ క్లార్క్ సంగతులే కావాలి. నా కళ్లు మాత్రం బెంచ్ వైపే ఉండేవి, మార్టిన్ ఎప్పుడు లేస్తుందా అని.

ఇప్పుడు ఈ పోస్టు రాయడానికి కారణం మా అక్క కూతురు. యూనివర్సిటీ జట్టుకు ఆడి, స్పోర్ట్స్ కోటాలో వేరే రాష్ట్రంలో ఉద్యోగం తెచ్చుకుంది. మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయికి ప్రొఫెషనల్ ఆట అంటే దాదాపు ఇదే. రైల్వేనో, బ్యాంకో, కరెంటు బోర్డో, ఇన్‌కంటాక్స్ శాఖో ఉద్యోగం ఇస్తుంది, ఆమె ఆ సంస్థ జట్టుకు ఆడుతుంది. నెల జీతం ఉంటుంది, ప్రాక్టీస్ ఉంటుంది, టోర్నమెంట్లు ఉంటాయి. ఆర్డర్ కాగితం వచ్చిన రోజు మా వీధి మొత్తానికి స్వీట్లు పంచారు. కాజీపేట స్టేషన్‌లో రైలెక్కించడానికి ఇంటిల్లిపాదీ వెళ్లారు, సంచి నిండా సర్వపిండి, సకినాలు కట్టిచ్చారు.

కొన్ని నెలలయ్యాక ఒక రాత్రి ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, ఇయ్యాల గూడ దింపలే."

"అసలుకే దింపలేదా?"

"ఆఖరికి రెండు నిమిషాలు. గది గూడ మ్యాచ్ అయిపోయినట్టే అయినంక."

ఈ అమ్మాయి ఇక్కడ ఆడినన్నాళ్లూ కోర్టులోంచి బయటికి వచ్చింది తక్కువ. ఇంటర్ కాలేజియేట్‌లో ఆమెను కూర్చోబెడితే మా స్కోరు అక్కడే ఆగిపోయేది. అలాంటి పిల్ల ఇప్పుడు నీళ్ల సీసాలు అందిస్తూ కూర్చుంది. ఆమెకు తిండి బాగానే ఉంది, హాస్టల్ బాగానే ఉంది, సీనియర్లు కూడా మంచివాళ్లే. బాధంతా ఆ రెండు నిమిషాల గురించే. ఇంకో బాధ కూడా ఉంది. ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ మా బావ అడిగే మొదటి మాట: "ఎన్ని పాయింట్లు కొట్టినవ్ బిడ్డా?"

కాలేజీలో మెరిసిన పిల్ల పైమెట్టు మీద తడబడితే చూసేవాళ్లు చప్పున అనేసే మాట ఒకటుంది. ఆమె ఆట అంతవరకే, పైస్థాయికి సరిపోదు అని. చాలాసార్లు అది నిజం కాదు. దానికి క్లార్క్ సీజన్ కన్నా పెద్ద సాక్ష్యం నాకు దొరకలేదు, అందుకే దాన్ని కాస్త వివరంగా చెప్తాను.

కాలేజీలో క్లార్క్ 3,951 పాయింట్లు చేసింది. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ అగ్రశ్రేణి అయిన డివిజన్ వన్‌లో ఆడవాళ్లలో గానీ మగవాళ్లలో గానీ అంతకు ముందు అన్ని పాయింట్లు చేసినవాళ్లు లేరు. 2024 ఏప్రిల్ 7న ఆమె చివరి కాలేజీ మ్యాచ్ ఆడింది, సౌత్ కరోలినా చేతిలో ఫైనల్ ఓడిపోయింది. ఎనిమిది రోజులకు డ్రాఫ్ట్. నెలాఖరులో ట్రైనింగ్ క్యాంప్. మే 14న మొదటి ప్రొఫెషనల్ మ్యాచ్. చివరి కాలేజీ ఆటకూ మొదటి ఉద్యోగపు ఆటకూ మధ్య 37 రోజులు. నవంబర్ నుంచి దాదాపు నలభై మ్యాచ్‌లు ఆడిన ఒళ్లు అది. ఆ ఒళ్లు విశ్రాంతి అనేది ఎరగకుండా ఇంకో నలభై మ్యాచ్‌ల సీజన్‌లోకి దిగింది. అదీ ఎలా? ఫీవర్ మొదటి 20 రోజుల్లో 11 మ్యాచ్‌లు ఆడాల్సి వచ్చింది. రెండు రోజులకో మ్యాచ్, మధ్యలో విమాన ప్రయాణాలు. కొత్త జట్టుతో కూర్చుని ఎవరు ఎటు పరిగెత్తాలో మాట్లాడుకునే ప్రాక్టీస్ దినాలే లేవు.

మొదటి మ్యాచ్ కనెక్టికట్ సన్ మీద. 20 పాయింట్లు చేసింది, పదిసార్లు బంతి పోగొట్టుకుంది. డబ్ల్యూఎన్‌బీఏలో మొదటి మ్యాచ్‌లోనే పది టర్నోవర్లు అంతకు ముందు ఎవరూ చేయలేదు. రెండో మ్యాచ్ సొంత ఊళ్లో న్యూయార్క్ మీద, తొమ్మిది పాయింట్లు, జట్టు 36 పాయింట్ల తేడాతో ఓడింది. మొదటి తొమ్మిది మ్యాచ్‌ల్లో ఫీవర్ గెలిచింది ఒక్కటి. ఆ రోజుల్లో మా గ్రౌండ్ మెట్ల మీద కూడా గొంతులు మారాయి. "మేడమ్, ఈమె కాలేజీలనే ఆడింది, ఈడ ఆడలేదు" అని ఒక ఫస్టియర్ పిల్ల తేల్చేసింది.

ఆడవాళ్ల ఆటలో కాలేజీకీ ప్రొఫెషనల్‌కీ కొలతలు పెద్దగా మారవు. రెండు చోట్లా పది నిమిషాల క్వార్టర్లు నాలుగు. బంతి ఒకటే సైజు. త్రీ పాయింట్ గీత రెండు చోట్లా 22 అడుగుల ఒకటిముప్పావు అంగుళం, అంటే మనం వాడే 6.75 మీటర్లే. మారేది షాట్ క్లాక్. కాలేజీలో బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి 30 సెకన్లు, పైన 24. ఆరు సెకన్లే కదా అనిపిస్తుంది. కోర్టులో నిలబడి చూస్తే, మొదటి ఎత్తు పారకపోతే రెండో ఎత్తు వేయడానికి పట్టే సమయం సరిగ్గా ఆ ఆరు సెకన్లే. కాలేజీలో ఆ రెండో ఎత్తు మీద బతికిన గార్డుకు, అంటే బంతి నడిపించే ప్లేయర్‌కు, పైన అది దొరకదు. ఇంకా పెద్ద మార్పు ఎదుట నిలబడే మనిషి. అమెరికా అమ్మాయిలు సాధారణంగా కాలేజీ అంతా చదివి 22 ఏళ్లకు ఈ లీగ్‌లోకి వస్తారు. అక్కడ వాళ్లను కాపలా కాసేది ఇరవై ఎనిమిదేళ్ల, ముప్పై ఏళ్ల ఆడవాళ్లు. ఏళ్ల తరబడి ఇదే పని చేసినవాళ్లు. భుజం పెట్టి ఎక్కడ ఆపాలో, రెఫరీ ఎంతవరకు ఊరుకుంటాడో వాళ్లకు తెలుసు. క్లార్క్ సగం కోర్టు దాటకముందే ఇద్దరు మీదికి వచ్చేవాళ్లు. కాలేజీలో వాళ్లను దాటి వేసిన పాస్ ఇక్కడ పొడుగు చేతికి తగిలి ఎదుటివాళ్లకు పోయేది. అందుకే అన్ని టర్నోవర్లు.

మగవాళ్లలో ఈ మార్పు ఇంకా పెద్దది. కాలేజీలో ఇరవై నిమిషాల సగాలు రెండు, ఎన్‌బీఏలో పన్నెండు నిమిషాల క్వార్టర్లు నాలుగు, అంటే 40 నిమిషాల ఆట 48 అవుతుంది. త్రీ పాయింట్ గీత మూలల్లో తప్ప 23 అడుగుల 9 అంగుళాలకు జరుగుతుంది. సీజన్‌లో 82 మ్యాచ్‌లు. రీడ్ షెపర్డ్ అనే కుర్రాడు కెంటకీ యూనివర్సిటీలో వేసిన త్రీ పాయింట్ షాట్లలో సగానికి పైగా, 52 శాతం బుట్టలో పడ్డాయి. 2024 డ్రాఫ్ట్‌లో మూడో నంబర్‌గా అతన్ని హ్యూస్టన్ తీసుకుంది. ఆ ఏడాది అతనికి సగటున దొరికింది 13 నిమిషాల లోపే, మధ్యలో కింది లీగ్‌కు కూడా పంపారు. హ్యూస్టన్ ఆ సీజన్‌లో 52 మ్యాచ్‌లు గెలిచింది. గెలుస్తున్న జట్టులో కొత్తవాడికి చోటు దొరకడం కష్టం. దానికి అతని చేయి చెడిపోనక్కర్లేదు.

మళ్లీ క్లార్క్ దగ్గరికి వస్తాను. జులైలో న్యూయార్క్ మీద ట్రిపుల్ డబుల్ చేసింది, అంటే ఒకే మ్యాచ్‌లో పాయింట్లు, రీబౌండ్లు (గురి తప్పిన షాట్ల బంతి అందుకోవడం), అసిస్టులు (తోటివాళ్లు బుట్ట వేసేలా ఇచ్చిన పాస్‌లు) మూడూ పదికి తగ్గకుండా. ఈ లీగ్‌లో మొదటి సీజన్‌లో ఉన్న ప్లేయర్ ఎవరూ అంతకు ముందు చేయలేదు. అదే నెల 17న డాలస్ మీద 19 అసిస్టులు ఇచ్చింది, లీగ్ చరిత్రలో ఒక మ్యాచ్‌లో అవే అత్యధికం. అప్పుడు పారిస్ ఒలింపిక్స్ కోసం లీగ్‌కు దాదాపు నెల రోజులు సెలవిచ్చారు. క్లార్క్‌ను ఒలింపిక్ జట్టులోకి తీసుకోలేదు. దాని మీద అమెరికాలో ఎంత గొడవ జరిగినా, ఆమె ఒంటికి కాలేజీ సీజన్ తర్వాత మొదటిసారి విశ్రాంతి దొరికింది ఆ నెలలోనే. సెలవుకు ముందు సగటున 17 పాయింట్లు, సెలవు తర్వాత 23. సెలవుకు ముందు ఫీవర్ 11 గెలిచి 15 ఓడింది, తర్వాత 9 గెలిచి 5 ఓడింది. 2016 తర్వాత మళ్లీ ప్లేఆఫ్స్, అంటే టైటిల్ కోసం ఆడే చివరి దశ, చేరింది. ఆ ఏటి ఉత్తమ కొత్త ప్లేయర్‌కు ఇచ్చే రూకీ ఆఫ్ ది ఇయర్ ఓట్లు 67 ఉంటే 66 ఆమెకే.

టర్నోవర్లు అప్పటికీ పోలేదు. సీజన్ మొత్తం మీద 223, అదీ లీగ్ రికార్డే. అసిస్టులు 337, అప్పటికి అదీ రికార్డే. ఈ రెండంకెలూ ఒకదాని పక్కన ఒకటి రాసి మా పిల్లలకు చూపించాను. పోగొట్టుకుంటానని భయపడి పాస్ ఆపేసి ఉంటే ఆ 337 వచ్చేవి కావు. క్లార్క్‌కు ఆ భాగ్యం ఎందుకు దొరికిందో కూడా చెప్పాను. ఆమె తప్పు చేసినా కోచ్ కూర్చోబెట్టలేదు. నలభైకి నలభై మ్యాచ్‌లు ఆడించారు. మొదటి నంబర్‌గా వచ్చిన ప్లేయర్‌కు ఆ ఓపిక దొరుకుతుంది. 18వ నంబర్‌గా వచ్చిన వాళ్లకు దొరకదు.

అందుకే నాకు మార్టిన్ ముఖ్యం.

అప్పట్లో లీగ్‌లో ఉన్నవి 12 జట్లు. ఒక్కో జట్టుకు ఎక్కువలో ఎక్కువ 12 మంది. దేశం మొత్తానికి, ప్రపంచం మొత్తానికి 144 చోట్లు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో పేరు వచ్చినవాళ్లు 36 మంది. పేరు రావడం వేరు, జట్టులో మిగలడం వేరు. క్యాంప్ అయ్యాక సీజన్ మొదలయ్యే లోపే చాలామందిని ఇంటికి పంపేస్తారు. రెండో రౌండ్‌లో వచ్చిన అమ్మాయి వరసగా రెండుసార్లు ఛాంపియన్ అయిన జట్టులో మిగలడమంటే మాటలు కాదు. ఆ జట్టులో ఏజా విల్సన్, జాకీ యంగ్, కెల్సీ ప్లమ్, చెల్సీ గ్రే లాంటి పేరున్న ప్లేయర్లు ఉన్నారు. అయోవాలో ఆరేళ్లు ఉండి కెప్టెన్‌గా చేసిన మార్టిన్, వీళ్ల వెనక కూర్చుంది. సీజన్ అయ్యేసరికి ఆమె సగటు పదకొండున్నర నిమిషాలు, 2.6 పాయింట్లు.

2.6 అనే అంకె చూసి మా బావ ఏమంటాడో నాకు తెలుసు. కానీ ఆ పదకొండు నిమిషాల్లో ఏం జరిగేదో నేను చూశాను. లేచి వస్తూనే తను ఎవరిని కాయాలో అడిగి తెలుసుకుని వాళ్ల ఒంటిని ఆనుకుని నిలబడేది. షాట్ పైకి లేవగానే బంతి వైపు చూడకుండా ముందు తన మనిషిని వీపుతో అడ్డుకునేది. విల్సన్ బుట్ట కింద ఆడుతుంటే తను మూలకు పోయి నిలబడేది. అలా నిలబడితే ఆమెను కాసే మనిషి కూడా మూలకే రావాలి, విల్సన్‌కు చోటు దొరుకుతుంది. బంతి తన దగ్గరికి వచ్చి ఖాళీ ఉంటే ఆలోచించకుండా షాట్, లేకుంటే చేతిలో ఒక్క క్షణం కూడా ఉంచుకోకుండా పక్కవాళ్లకు పాస్. కాలేజీలో ఆమె ఇంతకంటే చాలా ఎక్కువ చేసేది. పైన అందులోంచి కొంచెమే పట్టుకొచ్చి ఆ కొంచెమూ పూర్తిగా చేసింది. కూలి నాట్లకు కొత్తగా వెళ్లిన మనిషిలా, వరస తప్పకుండా పక్కవాళ్ల వేగం అందుకోవడమే ఆమె మొదటి పని.

ఏంజెల్ రీస్ సంగతీ ఇలాంటిదే, స్థాయి వేరు. లూసియానా స్టేట్ యూనివర్సిటీ నుంచి అదే డ్రాఫ్ట్‌లో ఏడో నంబర్‌గా షికాగో స్కైకి వెళ్లింది. బుట్ట కింద వేసే షాట్లు కాలేజీలోలా పడలేదు, పొడుగు మనుషులు అడ్డం వచ్చేవాళ్లు, సీజన్ మొత్తం మీద ఆమె షాట్ల శాతం నలభై కూడా లేదు. కానీ మ్యాచ్‌కు సగటున 13.1 రీబౌండ్లు తీసింది, వరసగా 15 మ్యాచ్‌ల్లో డబుల్ డబుల్స్, అంటే పాయింట్లు, రీబౌండ్లు రెండూ పదికి తగ్గకుండా, చేసింది. తనకు పైన కూడా పనికొచ్చే ఒక్క గుణాన్ని పట్టుకుని వదల్లేదు. సెప్టెంబర్‌లో మణికట్టు గాయంతో సీజన్ ముందే ముగిసింది. రెండో నంబర్‌గా వచ్చిన కామెరన్ బ్రింక్‌కు జూన్‌లోనే మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. కాలేజీ సీజన్ వెనకాలే ఇంకో సీజన్ తగిలించడం అమ్మాయిల ఒళ్లకు మంచిదా అని అమెరికాలో గట్టిగా అడగాలి. ఇక్కడ మనమూ అడగాలి.

ఓడిపోవడానికి అలవాటు పడటం ఇంకో కష్టం. పేజ్ బ్యూకర్స్ కనెక్టికట్ యూనివర్సిటీలో ఆడిన చివరి ఏడాది ఆమె జట్టు 37 గెలిచి మూడే ఓడింది, 2025 ఏప్రిల్‌లో ఛాంపియన్ అయింది. మొదటి నంబర్‌గా డాలస్ వెళ్లింది. ఆ జట్టు ఆ సీజన్‌లో 10 గెలిచి 34 ఓడింది. ఒక మ్యాచ్‌లో ఆమె ఒక్కతే 44 పాయింట్లు చేసింది, ఆ మ్యాచ్ కూడా డాలస్ ఓడింది. అయినా రూకీ ఆఫ్ ది ఇయర్ ఆమే. కాలేజీలో ఉన్న ఏళ్లన్నిటా ఓడినన్ని మ్యాచ్‌లు ఒక్క ఎండాకాలంలో ఓడి, మర్నాడు మళ్లీ అదే మొహంతో ప్రాక్టీస్‌కు రావడం ఎంత బరువో ఆడినవాళ్లకు తెలుస్తుంది.

ఇక మా పిల్ల. ఆమెకు మారినవి రూల్స్ కావు. ఇక్కడా అక్కడా అంతర్జాతీయ నిబంధనలే, 24 సెకన్లే, అదే గీత. మారింది నేల. మా గ్రౌండ్‌లో సిమెంట్ కోర్టు. ఎండకు కాలుతుంది, వానకు నీళ్లు నిలిచిపోతాయి, పొద్దున పూట గాలి వీస్తే దూరం నుంచి వేసిన షాట్ దారి తప్పుతుంది. అక్కడ ఇండోర్, చెక్క ఫ్లోర్. బూటు పట్టేసే తీరు వేరు, ఆగాలనుకున్న చోట టక్కున ఆగొచ్చు, మలుపులు వేగం. సిమెంట్ మీద పెరిగిన కాలు ఆ వేగానికి కుదరడానికి నెలలు పడుతుంది. పదేళ్ల వయసు నుంచి చెక్క ఫ్లోర్ మీద ఆడిన అమ్మాయిల పక్కన ఆమె ఒక అర అడుగు ఆలస్యంగా కనిపిస్తుంది. కోచ్ ఆ అర అడుగు చూసే కూర్చోబెడుతున్నాడు. పిల్ల పనికిరాదని ఆయన అనలేదు, ఎక్కడ వెనకబడుతోందో చెప్పాడు. ఈ మాట ఆమె నాతో చెప్పింది, బావతో చెప్పలేదు.

నేను ఆమెకు చెప్పింది ఇది. మ్యాచ్ రోజు బెంచ్ మీద కూర్చున్నప్పుడు తన పొజిషన్‌లో ఆడే సీనియర్‌ను మాత్రమే చూడమన్నాను. బంతిని చూడొద్దు, ఆమె పాదాలు చూడు అన్నాను. ఎవరి కోసం స్క్రీన్ (తోటి ప్లేయర్‌ను కాసే మనిషికి అడ్డంగా నిలబడటం) పెడుతోంది, ఎప్పుడు జారుకుంటోంది, ఎదుటి గార్డును ఎడమ చేతి వైపు ఎలా తోస్తోంది. రాత్రికి ఆ మూడు సంగతులు నోట్‌బుక్‌లో రాసి ఫోటో తీసి పంపమన్నాను. పంపుతోంది. మొదట్లో స్కోర్లు రాసేది, ఇప్పుడు పాదాల గురించి రాస్తోంది. ఈ మధ్య ఒక టోర్నమెంట్‌లో రెండో క్వార్టర్‌లో నాలుగు నిమిషాలు దింపారట. ఒక్క షాట్ కూడా వేయలేదు. తను కాసిన అమ్మాయి కూడా ఒక్కటి వేయలేకపోయింది. "చిన్నమ్మా, కోచ్ సార్ నన్ను మళ్ల దించిండు" అన్నప్పుడు ఆ గొంతు వింటే నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

నాకున్న భయం ఆమె ఆట గురించి కాదు, మా వైపు ఇళ్ల గురించి. ఉమ్మడి వరంగల్ ఊళ్ల నుంచి, కరీంనగర్ వైపు నుంచి ఎంతోమంది ఆడపిల్లలు బాస్కెట్‌బాల్, కబడ్డీ, ఖోఖో, హ్యాండ్‌బాల్ ఆడి యూనివర్సిటీ దాకా వస్తారు. అందులో కొద్దిమందికి ఉద్యోగం వస్తుంది. ఉద్యోగం రాగానే ఇంట్లోవాళ్ల లెక్కలో ఆట పని అయిపోయినట్టే. "నౌకరి దొరికింది గదా, ఇంకెన్ని దినాలు ఉరుకుతవ్" అంటారు. అదే సమయంలో పిల్ల బెంచ్ మీద కూర్చుని ఉంటుంది, తనకే నమ్మకం సడలి ఉంటుంది. రెండూ కలిసి ఒకే ఏడాదిలో వస్తాయి. ఆడేవాళ్లు ఎదగాల్సిన వయసు సరిగ్గా అక్కడే మొదలవుతుంది, మన పిల్లలు సరిగ్గా అక్కడే మానేస్తున్నారు. ఆఫీసులో కుర్చీ ఉంటుంది, జీతం వస్తుంది, జట్టు జాబితాలో పేరు ఒక్కటి నెమ్మదిగా కిందికి జారి పోతుంది. ఎవరూ ఏమీ అనరు. అది చూస్తే నాకు కడుపు మండిపోతుంది.

తల్లిదండ్రులకు నేను ప్రాధేయపడి చెప్పేది ఒకటే. మొదటి ఏడాది పాయింట్లు అడగకండి. ఈ వారం ఎవరిని కాశావు, ప్రాక్టీస్‌లో ఏం కొత్తది చేయించారు, మోకాళ్లు ఎలా ఉన్నాయి, నిద్ర పడుతోందా, ఇవి అడగండి. కాలేజీ యాజమాన్యాలకు ఇంకో మాట. ఇంటర్ యూనివర్సిటీ ఆడి వచ్చిన పిల్లను వారం తిరక్కముందే ఇంకో టోర్నమెంట్‌కు పంపకండి. ఉద్యోగంలో చేరే ముందు నెలైనా ఒళ్లు తేరుకోనివ్వండి. క్లార్క్‌కు ఆ నెల రోజులు ఏం చేశాయో అంకెలు పైనే ఉన్నాయి.

మార్టిన్ సంగతి పూర్తి చేయాలి. ఆ మొదటి సీజన్ అయ్యాక ఏసెస్ ఆమెను అట్టిపెట్టుకోలేదు. కొత్తగా పుట్టిన గోల్డెన్ స్టేట్ వాల్కిరీస్ జట్టు 2024 డిసెంబర్‌లో, పాత జట్లు అట్టిపెట్టుకోని ప్లేయర్లను కొత్త జట్టు ఎంచుకునే ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్‌లో తీసుకుంది. రెండో ఏడాది ఆమెకు నిమిషాలు పెరిగాయి, పాయింట్లు రెట్టింపు దాటాయి. వాల్కిరీస్ పుట్టిన మొదటి సీజన్‌లోనే ప్లేఆఫ్స్ చేరింది, ఏ కొత్త జట్టూ అంతకు ముందు ఈ లీగ్‌లో ఆ పని చేయలేదు. రెండో ఏడాది వరకూ ఆడనిచ్చారు కాబట్టి అది జరిగింది.

మా బావకు నేను చెప్పాల్సింది చెప్పాను. రెండో సీజన్ పూర్తయ్యేదాకా సంబంధాల మాట ఎత్తొద్దని, ఆఫీసు పని మీదికి మారిపొమ్మని పిల్లను సతాయించొద్దని. అక్క నా వైపు ఉంది. బావ ఇంకా ఒప్పుకోలేదు, "చూద్దాం" అంటున్నాడు. బతుకమ్మకు అందరం పరకాల దగ్గర మా ఊళ్లో కలుస్తాం. పిల్లకు సెలవు దొరికితే ఆమె కూడా వస్తుంది. అప్పుడు ముగ్గురినీ ఒక దగ్గర కూర్చోబెట్టి ఆ నోట్‌బుక్ పేజీలు బావ చేతికిస్తాను.